చూడబుద్ధి కానివి: మొయినాబాద్ దారిలో ఒక ఇంగ్లిష్ విశేషణం

ఇంగ్లిష్‌లో 'అన్‌సైట్లీ' అని ఒక విశేషణం ఉంది. 'అగ్లీ' అన్నంత కటువైన మాట కాదు. గొంతు పెంచకుండా ముక్కు చిట్లించే మాట. దీన్ని వస్తువులకే వాడతారు: గోడ మీది చెమ్మ మరకలు, స్తంభం నుంచి స్తంభానికి వేలాడే కేబుల్ తీగలు, రోడ్డు వారగా పేరుకున్న చెత్త, పెచ్చులూడిన ప్రహరీ. మనిషిని పట్టుకుని ఆ మాట అనరు, ఆ మనిషి చేతి మీది మచ్చను అంటారు. అగ్లీ అయితే ఎక్కడికైనా పోతుంది. మొహానికీ, గొడవకూ, ఆకాశానికి పట్టిన మబ్బుకూ కూడా అతుకుతుంది. అన్‌సైట్లీ మాత్రం కంటికి కనిపించేదాని దగ్గరే ఆగిపోతుంది.

నిఘంటువులో రెండు పంక్తులకు మించని ఈ మాటకు ఊళ్లు ఏలేవాళ్ల చేతిలో మాత్రం చాలా బలం వస్తుంది. బోర్డులు పీకించిన, గుడిసెలు తీయించిన, మనుషుల్ని వీధుల్లోంచి తరలించిన ఉత్తర్వుల వెనక ఈ మాటో దీని చుట్టమో కనిపిస్తుంది. హైదరాబాద్ పడమట, పోలీసు అకాడమీ కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా పోయే దారిలో ఈ మాటను పరీక్షకు పెట్టడం బాగుంటుందని నాకు అనిపించింది. ఒకరు అందం అన్నదాన్ని ఇంకొకరు అడ్డం అనే దారి అది. పొలం, రిసార్టు, గుడి, రిజర్వాయరు, ఫామ్‌హౌస్, మర్రిచెట్టు అన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటాయి.

ముందు మాటల సంగతి. అగ్లీ పుట్టింది స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలో. అక్కడ దాని మూలార్థం భయం. చూస్తే జడుసుకునేది అని. మనకు దానికి సాటిగా పలికే వికారానికి మూలార్థం మార్పు. ఉన్న రూపం మారి వేరొకటి కావడం. సాంఖ్యుల లెక్కలో పాలు పెరుగు కావడమూ వికారమే. అందులో నింద లేదు. వాడుకలోకి వచ్చేసరికి ఉన్న రూపం చెడటం అయింది, కడుపులో తిప్పడం అయింది, అరవై సంవత్సరాల పట్టికలో 'వికారి' అయి 2019 ఉగాదికి వచ్చి వెళ్లింది. మన్నెగూడ దాటితే వచ్చే వికారాబాద్‌కు ఈ మాటతో ఏ సంబంధమూ లేదని ఇక్కడే చెప్పాలి, ఆ పేరును వెక్కిరించేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి. ఆ పేరు నిజాం కొలువులోని పాయిగా ప్రభువు వికార్‌ఉల్‌ఉమ్రాది, ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించినాయనది. ఆ 'వికార్' అరబ్బీ నుంచి వచ్చిన మాట. అర్థం గౌరవం, హుందాతనం.

వస్తువు బాగా లేదని చెప్పడానికి తెలుగువాళ్లు నిజంగా వాడే మాటలు మాత్రం వేరే ఉన్నాయి. కురూపి, అనాకారి మనుషులకు పోతాయి. గోడకో షెడ్డుకో అవి అతకవు. రోత, వెగటు, ఏవగింపు చూసేవాడి లోపల జరిగేవి. తెలంగాణ పల్లెల్లో గలీజు అంటే మురికి, ఖరాబు అంటే చెడిపోయింది, ఆగమైంది అంటే ఉన్న తీరు చెదిరింది. కళ తప్పింది, బోసిపోయింది, వెలవెలబోయింది అంటాం. అన్‌సైట్లీకి అన్నిటికన్నా దగ్గరగా నిలిచేది ఎబ్బెట్టు. ఎబ్బెట్టుగా ఉంది అంటే ఆ వస్తువు చెడ్డదని కాదు, అది అక్కడ ఇమడలేదని. అదే వస్తువు మరోచోట బాగుండొచ్చు. కళ తప్పింది అనాలంటే అంతకుముందు కళ ఉండాలి, బోసిపోయింది అనాలంటే ఏదో ఒకటి పోయి ఉండాలి. మన మాటల్లో ఎక్కువ భాగం వస్తువు రూపాన్ని తిట్టేవి కావు, దానికీ ఆ చోటుకూ మధ్య జరిగినదాన్ని చెప్పేవి. ఈ దారిని చూడటానికి నేను పట్టుకున్న కొలబద్ద ఇదే.

పండితులు ఈ ప్రశ్నను ఎటు నుంచి పట్టారో చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. భరతుడి నాట్యశాస్త్రం ఎనిమిది రసాల్లో బీభత్సాన్ని ఒకటిగా లెక్కించింది. జుగుప్స దానికి స్థాయీభావం, నీలం దాని రంగు, మహాకాలుడు దాని దేవత. అంటే చూడలేనిదానికి కూడా రంగస్థలం మీద హక్కు ఇచ్చింది. యూరప్‌లో జర్మన్ తత్త్వవేత్త కార్ల్ రోజెన్‌క్రాంజ్ 1853లో వికారానికే ఒక సౌందర్యశాస్త్రం రాశాడు. 2007లో ఉంబెర్టో ఎకో ఆ చరిత్రను బొమ్మలతో సహా పుస్తకం చేశాడు. మన దగ్గర శ్రీశ్రీ 'ఋక్కులు' కవిత నిత్యం చేతిలో ఉండే చిల్లర వస్తువుల్ని కవిత్వంలోకి తెచ్చింది. తోట వైకుంఠం కుంచె నల్లని ఒంటి రంగు, పెద్ద బొట్టు ఉన్న తెలంగాణ పల్లె ఆడవాళ్లను గ్యాలరీల గోడల మీద నిలబెట్టింది. ఇదంతా కళలో జరిగిన విస్తరణ. వీధిలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు.

అమెరికాలో 1867లో శాన్‌ఫ్రాన్సిస్కో, 1881లో షికాగో, ఇంకా కొన్ని నగరాలు రోగంతోనో అంగవైకల్యంతోనో ఉన్నవాళ్లు వీధిలో కనిపించరాదని ఆర్డినెన్సులు చేశాయి. అన్‌సైట్లీ అనే మాట ఆ చట్టాల భాషలోదే. వస్తువులకు వాడాల్సిన మాటను మనుషుల మీదికి తిప్పారు. షికాగో తన ఆర్డినెన్సును 1974 దాకా రద్దు చేయలేదు. మాట తన హద్దు దాటితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

దూరదేశపు కథ అనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భిక్షాటన నిరోధక చట్టం 1977లో వచ్చింది. 2017 నవంబరు 28 నుంచి 30 దాకా హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, ఇవాంకా ట్రంప్ రాక. ఆ నెల మొదటి వారంలోనే నగర పోలీసులు రెండు నెలల పాటు వీధుల్లో అడుక్కోవడాన్ని నిషేధించారు. కూడళ్ల దగ్గర ఉన్నవాళ్లను జైళ్ల శాఖ నడిపే ఆశ్రమాలకు చేర్చారు. కొందరికి అక్కడ వైద్యం దొరికింది, తిండి దొరికింది, అది కాదనను. కానీ ఆ వైద్యం, ఆ తిండి సదస్సు తేదీలను బట్టి ఎందుకు రావాలి? అతిథి కంటికి ఏది పడకూడదో ముందు తేలింది, వాళ్లకు ఏం కావాలో ఆ తర్వాత వచ్చింది. వరస తిరగబడిందన్నదే నా అభ్యంతరం.

వస్తువుల విషయంలో మన చట్టం ఏమంటోంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో బహిరంగ స్థలాల రూపం చెడగొట్టడాన్ని, అభ్యంతరకర పోస్టర్లను అరికట్టే చట్టం చేసింది. హైదరాబాద్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 ప్రకటన బోర్డులు నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటరాదంది. లోకంలో దీనికన్నా గట్టి అడుగులు పడ్డాయి. అమెరికా 1965లో జాతీయ రహదారుల సౌందర్య చట్టం చేసి హోర్డింగులకు హద్దు పెట్టింది. దాని వెనక అధ్యక్షుడు జాన్సన్ భార్య లేడీ బర్డ్ పట్టుదల ఉంది. బ్రెజిల్‌లో సావోపాలో నగరం 2007లో బహిరంగ ప్రకటన బోర్డులను దాదాపు మొత్తంగా దింపేసింది. అందం కూడా ప్రజాప్రయోజనమేనని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే ఒప్పుకుంది. మన దగ్గర మాత్రం కంటికి బాగోలేదన్న ఒక్క కారణం వాదనగా ఎక్కువసేపు నిలబడదు. నీరు పాడవుతుంది, ప్రాణానికి ముప్పు, రాకపోకలకు అడ్డం అని ఏదో ఒకటి చెప్పాలి. ఇది మన చట్టం బలహీనత అని పట్టణ ప్రణాళికలు రాసేవాళ్లలో చాలామంది అంటారు. నేను దీన్ని బలం అనుకుంటాను. ఎందుకో మొయినాబాద్ చెబుతుంది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో రెండు రిజర్వాయర్లు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ మండలం ఈ రెంటి నడుమ ఉంటుంది. ఇక్కడి నేల మీద పడ్డ వాన అటో ఇటో పోయి ఆ నీళ్లలో కలుస్తుంది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, సుమారు 1,32,600 ఎకరాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీల వంటివి రాకుండా కట్టడి చేసింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె పరిశ్రమ పెట్టబోతే ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1999, 2000 తీర్పులు ముందుజాగ్రత్త సూత్రాన్ని దేశమంతటికీ పాఠం చేశాయి. హాని లేదని నిరూపించుకోవాల్సిన భారం పరిశ్రమ మీదే అన్నాయి.

ఈ ఉత్తర్వులో గాని, ఆ తీర్పుల్లో గాని పచ్చని పొలాలు కంటికి ఇంపుగా ఉంటాయన్న వాదనకు చోటు లేదు. మాటంతా నీటి గురించే. కానీ ఇరవై ఏళ్లకు పైగా చిలుకూరు గుట్టలూ, చేవెళ్ల కూరగాయల మళ్లూ, బంతి, గులాబి తోటలూ అపార్ట్‌మెంట్ల కింద పడకుండా నిలిచాయంటే దానికి ఆ నీటి మాటే కారణం. అందం వెంట పరుగెత్తకుండా పని చూసుకుంటే అందం దానంతట అది మిగిలింది. 1994లో జాతీయ వనంగా ప్రకటించిన చిలుకూరు మృగవని కూడా ఈ పరిధిలోనే ఉంది. 2022 ఏప్రిల్ 12న జీవో 69తో ఆ కట్టడిని సడలించారు, 2023 మేలో దాన్ని పూర్తిగా ఎత్తేస్తామని మంత్రివర్గం తీర్మానించింది. ఇక్కడ రైతు వైపు నిలబడి ఒక మాట చెప్పక తప్పదు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తన ఎకరానికి ధర లేకుండా పోయిన రైతుకు 111 మీద కోపం న్యాయమైనది. నగరం తాగే నీటికోసం ఆయన నష్టపోతే ఆ నష్టం నగరం పంచుకోవాల్సింది. ఆ పని ఎవరూ చేయలేదు.

కట్టడి ఉన్న రోజుల్లోనూ ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. వాటితోపాటు వచ్చిన వస్తువే ఈ దారిలో నాకు అన్నిటికన్నా ఎబ్బెట్టుగా తోచేది. ప్రహరీ గోడ. సిమెంటు స్తంభాల గాడుల్లో పలక మీద పలక దోపిన రెడీమేడ్ గోడ, ఆరేడడుగుల ఎత్తు, పైన మూడు వరసల ముళ్లతీగ. లోపల లాన్, ఈతకొలను, కొబ్బరిచెట్లు. లోపలున్నవాళ్లకు అంతా అందమే. బయట బండి మీద పోయేవాడికి కిలోమీటర్ల కొద్దీ బూడిదరంగు పలకలు. పొలం గట్టున నిలబడితే ఒకప్పుడు చెరువు దాకా ఆనిన చూపు ఇప్పుడు పక్క కమతం దగ్గరే ఆగిపోతోంది. చూపు సంగతి వదిలేసినా, ఆ గోడ పునాది వాన నీటి దారికి అడ్డంగా పడితే పై పొలంలో నీళ్లు నిలిచి పైరు కుళ్లుతుంది, కింది వాగుకు నీరు చేరదు, వాగు నుంచి జలాశయానికి చేరదు. 111 కాపాడదలచింది ఏమిటో దాన్నే ఈ గోడ దెబ్బ కొడుతుంది.

దానికి ఎదురుగా ఇంకో వస్తువు. దారి పక్క పొలం మొదట్లో పెంటకుప్ప. పశువుల పేడ, కొట్టంలో ఊడ్చిన చెత్త, బూడిద, ఎండుగడ్డి కలిసి నడుమెత్తు లేచిన దిబ్బ. పైన ఎండి బెల్లుకట్టి ఉంటుంది, పార దింపితే లోపల నల్లగా, వెచ్చగా, పొగలు కక్కుతూ ఉంటుంది. దాని మీద కోళ్లు కెలుకుతుంటాయి, అంచున గుమ్మడి తీగ దానంతట అది మొలిచి పారుతుంది. ఎండాకాలం చివర ట్రాక్టరు పెట్టి పొలానికి తోలి, వానలు పడకముందే చల్లుతారు. వారాంతానికి వచ్చే వాళ్లకు దీన్ని చూస్తే అన్‌సైట్లీ. వాసన, ఈగలు ఉంటాయి, నిజమే. కానీ నగరంలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు ఈ వైపు నుంచి పోయే బంతిపూల వెనక ఈ దిబ్బ ఉంది. పువ్వు కావాలి, పెంట వద్దు అంటే కుదరదు.

వికారాన్ని కావాలని పెట్టుకోవడం కూడా ఈ దారిలోనే చూడొచ్చు. కడుతున్న ప్రతి ఇంటి స్లాబు మీద, కర్రకు కట్టి నిలబెట్టిన దిష్టిబొమ్మ. గుడ్లురిమిన కళ్లు, గుబురు మీసం, వేలాడే ఎర్రనాలుక, కోరలు. నలుగురి కళ్లు పడే ఇంటికి అది కాపలా. పసిబిడ్డ బుగ్గ మీద కాటుకతో దిష్టిచుక్క పెట్టేదీ ఈ ఆలోచనతోనే. మరీ చూడముచ్చటగా ఉంటే ప్రమాదమని, చిన్న లోపం పెట్టి కాపాడుకోవడం. అగ్లీ మూలార్థమైన భయానికి మన దగ్గర ఇంత దయగల వాడకం ఉంది. జడిపించేది బిడ్డ వైపు నిలబడి, బయటివాణ్ణి జడిపిస్తుంది. కోట్లు పోసి కట్టే బంగళా యజమాని కూడా ఇల్లు పూర్తయ్యేదాకా ఆ బొమ్మను దింపడు. అందం గురించి మనకు లోపల ఉన్న లెక్క ఆర్కిటెక్టు గీసిన నమూనాలో లేదని ఆ ఒక్క బొమ్మ చూపిస్తుంది.

ఇక మర్రిచెట్లు. ఈ దారికి పేరు తెచ్చినవి అవే. నిజాం కాలంలో నాటినవని చెప్పుకునే ఈ చెట్లు పోలీసు అకాడమీ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. జాతీయ రహదారి 163ను నాలుగు వరసలు చేయాలని నిర్ణయం జరిగినప్పుడు చాలావాటిని కొట్టడమో తరలించడమో తప్పదన్నారు. పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. పని ఏళ్ల తరబడి ఆగింది. చివరికి ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నిటినే తరలించేలా ప్లాన్ మార్చాక 2025 అక్టోబరు చివర ట్రిబ్యునల్ విధించిన స్టే తొలగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, నవంబరు 3 పొద్దున, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. బస్సు తాండూరు నుంచి హైదరాబాద్ వస్తోంది. ఢీకొన్న దెబ్బకూ, మీద పడ్డ కంకరకూ 19 మంది చనిపోయారు.

ఆ రోజు నుంచి మర్రిచెట్ల గురించి అందం అనే మాట ఎత్తడం కష్టమైంది. నా మనసులో ఉన్నది దాచను. చెట్టు అందంగా ఉందని రోడ్డు ఇరుకుగా ఉండనివ్వాలని ఎవరన్నా అంటే అది క్రూరత్వం. కేసు వేసినవాళ్లు అలా అన్నారని కూడా నేననను. రోడ్డు వద్దని కాదు, చెట్లు నిలిచేలా రోడ్డు గీయండని వాళ్లు అడిగారు. చివరికి జరిగింది కూడా అదే. ఆ ప్లాన్ మొదటే ఎందుకు గీయలేదన్న ప్రశ్న చెట్ల వైపు కాదు, కాగితం ముందు కూర్చున్నవాళ్ల వైపు తిరగాలి. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఏ వాదనా వినిపించదు, వినిపించాల్సిన పనీ లేదు. కంకర బండ్లు ఏ వేళలో తిరగాలి, ఎంత ఎత్తుకు నింపాలి, పైన పట్టా కప్పారా లేదా అనేవి మాత్రం రోడ్డు వెడల్పు కోసం ఆగాల్సిన విషయాలు కావు.

ఆ చెట్ల దగ్గరికి పోయి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. మొదళ్లకు సున్నం, ఎర్రరంగు పట్టీలు వేసి ఉంటాయి, రాత్రిపూట బండ్లకు ఆనవాలుగా. కొత్తవాళ్లకు అవి మోటుగా కనిపించొచ్చు. అవి ఒక పని చేస్తున్నాయి, ఉండనివ్వాలి. ఆ పట్టీల పైన రేకు బోర్డులు మేకులతో కొట్టి ఉంటాయి: ప్లాట్ల అమ్మకాలు, ట్యూషన్లు, బోరుబావుల వాళ్ల ఫోన్ నంబర్లు. మేకు చుట్టూ బెరడు ఉబ్బి, తుప్పు రసం కిందికి కారి గీత కట్టి ఉంటుంది. ఒక్కో చెట్టుకు పాత మేకులు బెరడులోకి మునిగిపోయి, పక్కన కొత్తవి దిగి ఉంటాయి. చెట్టును చంపేంత గాయం కాకపోవచ్చు. కానీ ఈ దారిలో అన్‌సైట్లీ అనే మాట అక్షరాలా సరిపోయే వస్తువు ఏదంటే నేను ఆ రేకు బోర్డునే చూపిస్తాను. ప్రకటనకు వేరే చోటు దొరుకుతుంది, చెట్టుకు నొప్పి తప్పదు, తీసేస్తే ఎవరి అన్నమూ పోదు.

చేవెళ్ల, మొయినాబాద్ ఇటీవల మున్సిపాలిటీలు అయ్యాయి. ఇక నిబంధనలు వస్తాయి, నోటీసులు వస్తాయి, సుందరీకరణ పేరుతో డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో మొదట ఏది కదులుతుందో నాకు భయంగా ఉంది. దారి పక్క తోపుడు బండి, కూరగాయల గంప, పెంటకుప్ప, పశువుల కొట్టం కదిలించడం తేలిక, వాటి యజమానుల దగ్గర లాయర్లు ఉండరు. ఆరడుగుల గోడను కదిలించడం కష్టం. అందుకే నోటీసులో అందవికారంగా ఉందని రాయనివ్వకూడదని నా వాదన. దారికి అడ్డమా, నీటికి చెరుపా, చెట్టుకు గాయమా, ఎవరి ఆరోగ్యానికైనా హానా అన్నది తేల్చి రాయమనాలి. వారం రోజుల్లో పొలానికి తోలబోయే పెంటకుప్ప మీద అలాంటి నోటీసు రాయడానికి అధికారి చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది. వాగు మీద కట్టిన గోడకు, మర్రికి మేకు దింపిన బోర్డుకు అయితే పది నిమిషాలు చాలు. గోడే కావాలనుకున్న చోట రోడ్డు వైపు ఇనుపజాలీ కంచె, దాని వెంట గోరింట దడి పెట్టుకోమని నిబంధనలోనే రాయొచ్చు. గోరింట దడికి పలకల గోడంత ఖర్చు కాదు, వాన నీరూ ఆగదు.